సోయి మొదట్లో స్తంభం

బ్యాంకాక్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి వేరు. కరెంటు పని తెలిసినవాళ్ళకి మాత్రం ముందు గుర్తొచ్చేది సుఖుమ్‌విత్ రోడ్డు మీద ఏదో ఒక సందు మొదట్లో నిలబడ్డ పలకల కాంక్రీటు స్తంభం, దాని మెడకి వేలాడే నల్ల తీగల వామి. సందుని అక్కడ ‘సోయి’ అంటారు. మన తెలంగాణలో సోయి అంటే ధ్యాస. ఆ స్తంభం కేసి తలెత్తి నడిచేవాడికి కింద సోయి ఉండదు, ఫుట్‌పాత్ పలకల మధ్య కాలు మడతపడుతుంది.

స్తంభం మొదట్లో నారింజ రంగు జాకెట్లు వేసుకున్న మోటారుసైకిలు టాక్సీవాళ్ళు. పక్కనే నూడుల్స్ బండి, దాని గొడుగు కొసకి ఆనీ ఆననట్టు ఒక కేబులు చుట్ట. పైన ఉడుత తీగ మీదనుంచి తీగ మీదకి దూకుతూ సందు ఈ చివరనుంచి ఆ చివరకి నేల తగలకుండా వెళ్ళిపోతుంది. సాయంత్రం వాన పడ్డాక పైన ఎక్కడో ‘చుర్ర్’మని సన్నగా చప్పుడు. ఫోటోలు తీసేవాళ్ళకి ఆ చప్పుడు వినపడదు. లైను పని చేసినవాళ్ళకి ముందు వినపడేది అదే.

ఫోటోల కింద అందరూ రాసేది ఒకటే మాట: ‘ఇంత కరెంటు చిక్కులో ఎలా బతుకుతున్నారో!’ 2016లో బిల్ గేట్స్ అంతటి మనిషి థాయిలాండ్ తీగల ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టారు. అక్కడి కరెంటువాళ్ళు వెంటనే సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది: అయ్యా, మీకు కనిపిస్తున్న చిక్కులో ఎక్కువ భాగం మా తీగలు కావు, ఫోనువాళ్ళవి, కేబులువాళ్ళవి. 2021లో హాలీవుడ్ నటుడు రస్సెల్ క్రో షూటింగుకి వచ్చి మళ్ళీ అలాంటి ఫోటోయే పెట్టాడు. కరెంటువాళ్ళు చెప్పింది సాకు కాదు, నిజమే. ఆ స్తంభం మీద కరెంటు శాఖ లాగిన తీగలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అవి ఎప్పుడూ చిక్కుపడవు కూడా. చిక్కుపడి రాసుకుంటే ఎప్పుడో ఒకప్పుడు పేలతాయి కాబట్టి వాటిని చిక్కుపడనివ్వరు.

స్తంభాన్ని పైనుంచి కిందకి చదవాలి. మన ఊళ్ళో అయినా అంతే.

సుమారు 12 మీటర్ల స్తంభం. పొడవులో 6వ వంతు భూమిలో ఉండాలన్నది ఎక్కడైనా పాత లెక్క, అంటే 2 మీటర్లు లోపల. కొస మీద హెచ్‌టీ, అంటే ఎక్కువ వోల్టేజీ తీగలు: బ్యాంకాక్‌లో 12 కేవీ, 24 కేవీ (కేవీ అంటే వెయ్యి వోల్టులు). అక్కడ కరెంటు ఇచ్చే సంస్థని మెట్రోపాలిటన్ ఎలక్ట్రిసిటీ అథారిటీ అని 1958లో పెట్టారు. బ్యాంకాక్‌తోపాటు పక్కనున్న నొంతబురి, సముత్ ప్రాకాన్‌లూ దానివే. మిగతా దేశమంతా ప్రావిన్షియల్ అథారిటీ కింద, అక్కడ 22, 33 కేవీలు. మన 11, 33లకి అలవాటుపడ్డ కంటికి 24 అంటే మొదట లెక్క తప్పినట్టు ఉంటుంది. తీగని స్తంభానికి తగలకుండా నిలబెట్టే అక్కడి పింగాణీ మన 11 కేవీ పిన్ను ఇన్సులేటరుకంటే కాస్త లావుగా, పొడుగ్గా ఉండటానికి కారణం అదే.

చాలా సందుల్లో ఆ హెచ్‌టీ తీగలకి నల్ల తొడుగు ఉంటుంది. కొన్నిచోట్ల పైన ఉక్కు తీగ ఒకటి లాగి, దాని కింద మూడు ఫేజు తీగలనీ స్పేసర్లతో, అంటే తీగల మధ్య ఎడం పట్టి ఉంచే ముక్కలతో, దగ్గరగా వేలాడదీస్తారు. ఇరుకు సందుకి అది మంచి పద్ధతి. నాలుగడుగుల క్రాసార్మ్ (స్తంభం మీది అడ్డకమ్మీ) అక్కర్లేదు, పక్క మేడ బాల్కనీకి దూరం దొరుకుతుంది, కొమ్మ తగిలితే వెంటనే ట్రిప్పు కాదు. కానీ ఆ తొడుగుని చూసి ‘ఇన్సులేషన్ ఉందిగా’ అనుకుంటే ప్రాణం పోతుంది. భూమిలో వేసే హెచ్‌టీ కేబుల్లో తొడుగు మీద ఎర్తు చేసిన లోహపు పొర ఉంటుంది, దీనికి ఉండదు. తొడుగు పైభాగం మీద కూడా వోల్టేజీ ఉంటుంది. వాన తర్వాత వినిపించే ఆ ‘చుర్ర్’ అక్కడిదే. దుమ్ము, పొగ మసి పట్టిన తొడుగు మీద చినుకులు పడితే తడి పొర వెంట సన్నగా కరెంటు పాకుతుంది. స్పేసరు దగ్గరో కట్టుతీగ దగ్గరో ఆ పొర ఆరినచోట చిన్న నిప్పురవ్వలు లేస్తాయి. అలా ఏళ్ళ తరబడి జరిగితే తొడుగు మీద బొగ్గు గీత పడుతుంది, ఏదో ఒక వానలో గీత వెంట తొడుగు చీలిపోతుంది.

దాని కింద ఎల్‌టీ, అంటే ఇళ్ళకి వచ్చే తక్కువ వోల్టేజీ. 230/400 వోల్టులు, సెకనుకి 50 సైకిళ్ళు, అచ్చం మనదే. మూడు ఫేజులు, న్యూట్రల్, కొన్నిచోట్ల వీధిదీపం తీగ. స్తంభానికి బిగించిన ఇనుప రాకులో రీలు ఇన్సులేటర్లు ఒకదాని కింద ఒకటి, నిచ్చెన మెట్లలా. తీగలు ప్లాస్టిక్ తొడుగున్న అల్యూమినియం. మన షాకిల్ ఇన్సులేటర్లు తెలిసినవాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు.

కొత్తది దాని కిందుంటుంది: మీటర్లు. మన దగ్గర మీటరు ఇంటి గోడకి ఉంటుంది. అక్కడ చాలా సందుల్లో స్తంభానికే వరసగా బిగిస్తారు, రీడింగు తీసేవాడు ఎవరి గేటూ తట్టక్కర్లేదు. సౌకర్యమే, కానీ దానికో మూల్యం ఉంది. మీటరు దాటాక తీగ ఇంటివాడిది. ఇల్లు సందు లోపల 100 మీటర్ల దూరాన ఉంటే ఆ 100 మీటర్లూ ఇంటివాడి తీగే స్తంభాల వెంట పోవాలి. పది ఇళ్ళు ఉంటే పది జతలు. కరెంటు వైపునుంచి చిక్కు మొదలయ్యేది ఇక్కడే. ఎందుకంటే ఇవి శాఖవాళ్ళు లాగిన తీగలు కావు, ఎవరో ఎలక్ట్రీషియన్ ఒక సాయంత్రం నిచ్చెనేసి లాగినవి.

ఇక ఆ కిందిది అసలు వామి.

తవ్వకాల్లో మట్టి పొరలు చూసినట్టు చూడాలి దాన్ని. అన్నిటికంటే స్తంభానికి అతుక్కుని ఉండేది పాతది. 90ల్లో బ్యాంకాక్‌లో ఫోను కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపులుండేవి. 1991లో టెలికాంఏషియా అనే ప్రైవేటు కంపెనీకి నగరంలో 20 లక్షల లైన్లు వేసే ఒప్పందం ఇచ్చారు. 20 లక్షల ఫోన్లంటే 20 లక్షల డ్రాప్ వైర్లు, అంటే స్తంభంనుంచి ఇంటికి దిగే తీగలు. ఇంగ్లీషు 8 అంకె ఆకారంలో ఉండే జత కేబులు, పై సున్నాలో లాగటానికి ఉక్కు తీగ, కింది సున్నాలో మాట పోయే జత. ఆ తర్వాత డబ్బు చెల్లించి చూసే టీవీ వచ్చింది, దాంతో కోయాక్సియల్ కేబులు, నడిమిన తీగ, దాని చుట్టూ లోహపు అల్లిక ఉండేది. తర్వాత ఇంటర్నెట్టు. చివర ఫైబరు. ఫైబరు డ్రాపు అన్నిటికంటే సన్నం, చపటాగా ఉంటుంది, లోపల వెంట్రుకంత గాజు పోగు ఒకటో రెండో. ఒక ఇంటివాడు 25 ఏళ్ళలో నాలుగు కంపెనీలు మారి ఉంటే, ఆ ఇంటికి నాలుగు తీగలుంటాయి. పనిచేసేది ఒకటే.

మరి పాతవి ఎందుకు తీయరు? సోమరితనం అంటారు అందరూ. కాదు. లెక్క చూస్తే తెలుస్తుంది. కొత్త కనెక్షను ఇచ్చినవాడికి ఇంటికింత అని డబ్బు వస్తుంది. తీసినవాడికి రాదు. పైగా తీసేటప్పుడు పొరపాటున పక్క కంపెనీ తీగ తెగితే అదో గొడవ. తీసినా తుక్కు ధర పలకదు. ఫోను డ్రాపులో, ఆర్‌జీ-6 అనే టీవీ కేబుల్లో చాలావాటికి నడిమి తీగ ఉక్కే, పైన రాగి పూత మాత్రమే. ఫైబర్లో అమ్ముకోటానికి ఏమీ లేదు. అసలు రాగి ఉన్న వందల జతల లావు కేబుళ్ళు కనిపించకపోతే ఎవరూ ఆశ్చర్యపోరు, వాటిని దొంగలే దించుకుపోతారు. గాజుని ఎవడూ ఎత్తుకుపోడు. అందుకే మిగిలేది ఎప్పుడూ విలువలేనిదే.

చుట్టల సంగతి చెప్పాలి. ఫోటోల్లో అన్నిటికంటే వికారంగా కనిపించేవి అవే, బండి చక్రాలంత నల్లటి గుండ్రాలు స్తంభానికి వేలాడుతూ. వాటిని చూసి ‘మిగిలిన తీగని బద్ధకించి చుట్టేశారు’ అనుకుంటారు. కొన్ని నిజంగా అంతే. కానీ సరైన చుట్ట అంటే అది పనివాడు ముందుచూపుతో దాచిపెట్టుకున్న తీగ. ఫైబరు తెగితే స్తంభం మీద నిలబడి అతకలేరు. రెండు కొసలూ కిందకి, బల్ల మీదకో వ్యాను లోపలికో రావాలి. అక్కడ తొడుగు ఒలిచి, గాజు పోగుని స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో కొస చదునుగా ఉండేలా అడ్డంగా కోసి, స్ప్లైసింగ్ మిషన్లో పెట్టి విద్యుత్ మెరుపుతో కరిగించి అతకాలి. స్తంభం మీద 5, 6 మీటర్ల ఎత్తునుంచి కిందకి దిగి బల్ల దాకా రావాలంటే ఒక్కో కొసకీ సుమారు 10 మీటర్లు కావాలి. రెండు కొసలకీ 20. అతికాక ఆ 20 మీటర్లూ ఎక్కడికి పోతాయి? మళ్ళీ చుట్టి పైన వేలాడదీయాలి.

అంత పెద్ద గుండ్రంగానే ఎందుకు చుట్టాలి, చిన్నగా మడిచి కట్టెయ్యకూడదా? కూడదు. గాజు పోగులో వెలుతురు గోడలకి తగిలి వెనక్కి మళ్ళుతూ పోతుంది. మడత మరీ బిగువైతే వెలుతురు మలుపు దగ్గర బయటికి కారిపోతుంది. పాత రకం పోగు, జీ.652 అని, 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే తక్కువకి వంచకూడదు. ఇళ్ళకి లాగే కొత్త రకం జీ.657 కొంచెం ఓర్చుకుంటుంది, రకాన్నిబట్టి 10 లేదా 7.5 మిల్లీమీటర్లు. ఇవి విడి పోగు లెక్కలు. తొడుగుతో ఉన్న పూర్తి కేబులుకి వేరే లెక్క: లాగేటప్పుడు మందానికి 20 రెట్లు, వేలాడదీశాక 10 రెట్లు. 12 మిల్లీమీటర్ల మందం కేబులైతే లాగేటప్పుడు 24 సెంటీమీటర్ల వ్యాసార్ధం, అంటే అర మీటరు చుట్ట. బండి చక్రం అలా పుట్టింది.

మడత బిగువైన కేబులు ముందు కొంటె పనులు చేస్తుంది. ఎక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న వెలుతురు ముందు కారిపోతుంది. 1310 నానోమీటర్ల దగ్గర కొలిస్తే బాగానే ఉంటుంది, 1550 దగ్గర కొలిస్తే డెసిబెల్స్ పడిపోయి ఉంటాయి. ఇంటి పెట్టెకి వెలుతురు సుమారు -27 డీబీఎం (వెలుతురు బలం కొలిచే లెక్క) కంటే తగ్గితే ఎర్ర లైటు కొట్టుకోవటం మొదలుపెడుతుంది. వచ్చిన కుర్రాడు రౌటరు మారుస్తాడు, అడాప్టరు మారుస్తాడు, చివరికి కొత్త డ్రాపు లాగేస్తాడు. పాతది అక్కడే ఉంటుంది. ప్లాస్టిక్ కట్టు ఒకటి బిగించి కట్టినందుకు వామిలోకి ఇంకో తీగ.

చుట్టలు బరువనిపిస్తాయి గానీ స్తంభాన్ని వంచేది వాటి బరువు కాదు, తీగల లాగుడు. ఈ లెక్క చేతి వేళ్ళ మీద చేయొచ్చు. మీటరుకి 20 గ్రాముల డ్రాపు, స్తంభానికీ స్తంభానికీ 40 మీటర్లు, నడిమిన 80 సెంటీమీటర్ల వాలు అనుకుందాం. బిగువు అంటే, మీటరు బరువుని కిలోల్లో తీసుకుని దూరం వర్గంతో గుణించి, వాలుకి 8 రెట్లతో భాగించటం. 0.02 ఇంటూ 1600 అంటే 32, దాన్ని 6.4తో భాగిస్తే 5. ఒక్క తీగ 5 కిలోల లాగుడు, ఏముంది, పిల్లాడు పట్టుకోగలడు. అలాంటివి 100 పడితే 500 కిలోలు.

వరస మధ్యలో ఉన్న స్తంభానికి రెండు వైపులా 500, చెల్లుకి చెల్లు. కానీ సందు మొదట్లో తీగలన్నీ లంబంగా మలుపు తిరుగుతాయి. అక్కడ రెండు లాగుళ్ళూ కలిసి మూలవైపు 700 కిలోలు దాటతాయి. మన ఊళ్ళో వేసే 8 మీటర్ల పీఎస్‌సీ (లోపల ఉక్కు తీగలు బిగించి పోసిన కాంక్రీటు) స్తంభానికి పని భారం 140, 200 కిలోలు. 9.1 మీటర్లదానికి 280. కొసకి 60 సెంటీమీటర్ల కింద లాగితే అంత తట్టుకుంటుంది అని దానర్థం. బ్యాంకాక్ స్తంభం ఇంకా గట్టిదే అయినా, దాని మీద హెచ్‌టీ, ఎల్‌టీల లాగుడు ముందే ఉంటుంది. మూల స్తంభానికి లాగుడుకి ఎదురుగా స్టే వైరు, అంటే స్తంభాన్ని నేలకి లాగి పట్టే తీగ, వెయ్యాలి. ఇరుకు ఫుట్‌పాత్ మీద స్టే వెయ్యటానికి చోటుండదు. అందుకే సందు మొదటి స్తంభాలు అలా సందులోకి తొంగిచూస్తున్నట్టు వంగి ఉంటాయి. పైగా బ్యాంకాక్ కింద ఉన్నది పది పదిహేను మీటర్ల మెత్తటి బంకమన్ను. గుంట చుట్టూ కాంక్రీటు సరిగా పొయ్యకపోతే ఆ మట్టి స్తంభాన్ని పట్టుకోదు, మెల్లగా తప్పుకుంటుంది.

నిప్పు ఎక్కడ పుడుతుందో చెప్పకపోతే ఈ తీగల సంగతి సగమే. ఫోను జతలో ఉండేది 48 వోల్టుల డీసీ. కోయాక్సియల్ లైన్లో ఆంప్లిఫయర్లకి 60 లేదా 90 వోల్టుల ఏసీ పోతుంటుంది. ఫైబర్లో వెలుతురే. వీటికి మంట పెట్టేంత శక్తి దాదాపు లేదు. మంట పైనుంచి దిగుతుంది. ఎల్‌టీ తీగ అల్యూమినియం, ఇంటివాడి తీగ రాగి. రెంటినీ మెలేసి టేపు చుట్టేస్తే తడికి అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి పొడి పడుతుంది. అతుకు వదులవుతుంది, వేడెక్కుతుంది. అల్యూమినియానికి రాగికి మధ్య బైమెటాలిక్ క్లాంపు ఉండాలన్నది అందుకే. సాయంత్రం ఏసీలన్నీ ఒకేసారి పడేసరికి వదులైన ఆ అతుకు ఎర్రగా కాలుతుంది, కరిగిన ప్లాస్టిక్ బొట్లు బొట్లుగా కింద వామి మీద పడతాయి. కేబుళ్ళ తొడుగు పాలిథిన్. ఒకసారి అంటుకుంటే కొవ్వొత్తిలా కారుతూ కాలుతుంది. వంద తీగలు కట్టగట్టి ఉంటే అది కాగడా. ఫోటోల్లో మనం చూసే మంటలు ఎక్కువగా అవే.

మంట కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఉక్కు తీగ. డ్రాపులో మోయటానికి పెట్టిన ఆ ఉక్కు తీగ ఎల్‌టీ తొడుగుకి రాసుకుంటూ ఏళ్ళు గడిస్తే, గాలికి ఊగినప్పుడల్లా కొంచెం కొంచెంగా తొడుగు అరిగిపోతుంది. ఒకరోజు ఫేజు తగులుతుంది. మెరుపు లేదు, చప్పుడు లేదు, ఫ్యూజు పోదు, ఎందుకంటే ఉక్కు తీగ అవతలి కొస ఎర్తుకి తగలటంలేదు. రెండొందల మీటర్ల దూరాన ఎవరి బాల్కనీ రెయిలింగుకో కట్టి ఉంటుంది అది. వానలో ఆ రెయిలింగు పట్టుకున్న మనిషి ఎర్తు అవుతాడు. తెగి వేలాడుతున్న తీగ ‘కేబులుదేలే’ అని చేత్తో పక్కకి నెట్టకూడదనేది ఇందుకు. పింగాణీ మీద కూర్చున్నది కరెంటు, ఇనుప కొక్కేనికి కట్టింది కేబులు అన్న గుర్తు స్తంభాన్ని చదవటానికి పనికొస్తుంది, ముట్టుకోటానికి పనికిరాదు.

న్యూట్రల్ తెగటం ఇంకో రకం. మూడు ఫేజుల మధ్య లోడు సమంగా లేనప్పుడు న్యూట్రల్ తెగితే, తక్కువ లోడున్న ఇంట్లో 230 కాస్తా 300 దాటి 400 దాకా ఎగబాకుతుంది. టీవీలు, ఫ్రిజ్జులు వరసగా పోతాయి. ఇది మనకీ తెలిసిన కథే. తెలియనిది ఏంటంటే, అదే సమయంలో న్యూట్రల్ కరెంటు దారి వెతుక్కుంటూ కేబుల్ టీవీ కోయాక్సియల్ మీది అల్లిక పట్టుకుని పక్కింటి ఎర్తుకి పోతుంది. ఆంపియర్లు మోయటానికి పుట్టిన అల్లిక కాదది. తొడుగు లోపలే కాలిపోయి, బయటికి మామూలుగా కనిపిస్తూ, టీవీలో చుక్కలు తెప్పిస్తుంది.

ఈ కోయాక్సియల్ దగ్గరకొచ్చేసరికి బ్యాంకాక్ సందు పోయి మన వీధి గుర్తొస్తుంది. 90ల మొదట్లో ‘డిష్’ వచ్చిన రోజులు. మేడ మీదనుంచి మేడ మీదకి, మధ్యలో వేపచెట్టు కొమ్మకి ఒక మెలిక, తర్వాత కరెంటు స్తంభానికి జీఐ తీగతో ఒక కట్టు. ఆర్‌జీ-6 కేబులు 750 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకి 18, 19 డెసిబెల్స్ మింగేస్తుంది, లావాటి ఆర్‌జీ-11 అయితే 12 దాకా. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సిగ్నలు సగం. అందుకని వీధి వీధికీ ఆంప్లిఫయరు. దాన్ని ఎవరో ఒకరి ఇంటి ప్లగ్గుకి పెట్టేవాళ్ళు, ఆ ఇంటికి నెల చందా మాఫీ. ఆ ఇంట్లోవాళ్ళు ఊరెళ్తూ మెయిను కట్టేస్తే ఆదివారం సాయంత్రం సినిమా మధ్యలో వీధంతా రోడ్డు మీదకొచ్చేది. పెట్టె మీద పాలిథిన్ కవరు, కవరు మీద ఇటుక. కేబులు పెట్టెలోకి పోయేముందు కిందకి ఒక వంపు తిరిగి పోవాలి, వాన నీళ్ళు ఆ వంపు కొసనుంచి కారిపోవటానికి. ఆ ఒక్క వంపు పెట్టనివాడి పెట్టెలో తొలి వానకే నీళ్ళు. కేబులు కుర్రాళ్ళు తొడుగుని పళ్ళతో ఒలిచి, నడిమి తీగని కనెక్టరులోకి దూర్చి, ‘ఆంటీ, ఇప్పుడు చూడండి, వచ్చిందా?’ అని మేడ మీదనుంచి అరిచేవాళ్ళు. కిందనుంచి ‘పైది వచ్చింది, కిందిది పోయింది’ అని జవాబు.

1995లో కేబుల్ టీవీ చట్టం, 2013లో హైదరాబాదు, విశాఖల్లో సెట్‌టాప్ బాక్సులు, తర్వాత ఫైబరు. మన స్తంభాల మీదా అవే పొరలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫైబర్‌నెట్ కోసం కరెంటు స్తంభాల మీదుగానే కేబులు లాగింది. అందుకు వాడే ఏడీఎస్‌ఎస్ రకంలో ఉక్కు అసలుండదు, బలానికి అరమిడ్ నూలు పెడతారు. పైన చెప్పిన ఉక్కు తీగ భయం దానికి లేదు. అలాంటి కేబులు ఒక్కటి లాగి అందరూ అందులో పోగులు అద్దెకి తీసుకుంటే స్తంభానికి ఒకటే తీగ చాలు. కానీ ఎవరి తీగ వారికి ముద్దు. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయాక స్తంభాల మీది కేబుళ్ళని ఎక్కడికక్కడ కత్తిరించారు. ఇంటర్నెట్టు పోయిందని జనం, వ్యాపారం పోయిందని కంపెనీలు, వ్యవహారం హైకోర్టుకి ఎక్కింది. కత్తెర పెట్టటం ఒక రాత్రి పని. ఏది బతికుందో ఏది చచ్చిందో తెలుసుకోవటం నెలల పని. ఆ రెండో పని చెయ్యకుండా మొదటిది చేస్తే పది రోజుల్లో కొత్త తీగలు పడతాయి, తెగిన ముక్కలు మాత్రం వేలాడుతూనే ఉంటాయి.

ఆ రెండో పనికి పద్ధతి ఉంది. ముందు కంపెనీలన్నిటికీ గడువు ఇచ్చి ఎవరి తీగకి వాళ్ళు రంగు ట్యాగు కట్టుకోమంటారు, స్తంభం స్తంభానికీ. గడువు దాటాక ట్యాగు లేనివి అనుమానపు పద్దు. వాటిని కూడా గుడ్డిగా కొయ్యరు. రాగి జతైతే ఒక కొసన టోన్ (సన్నటి కూత సిగ్నలు) పెట్టి రెండో కొసన వింటారు. ఫైబరైతే, బయటికి తీసిన పోగుని క్లిప్పులాంటి పరికరంతో కొంచెం వంచితే, కారే వెలుతురుని అదే పట్టేస్తుంది, పోగు కొయ్యక్కర్లేదు. చచ్చిందని తేలాక కూడా ఒక కొస కోసి రెండో కొస పట్టి లాగేస్తే పని పాడు. వామిలో అది ఎన్ని తీగల కిందుగా అల్లుకుని ఉందో తెలియదు. ఒరిపిడికి పక్క తీగ తొడుగు చీరేస్తుంది, లేదా జారి ఎగిరి పైన ఎల్‌టీకి తగులుతుంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య రెండు చివర్లా తాడు కట్టి, ఆ ముక్కని కోసి, తాడుతో దించాలి. ఎల్‌టీకి దగ్గరగా ఉంటే లైన్ క్లియరెన్స్ (లైన్లో కరెంటు ఆపేసినట్టు అనుమతి) తీసుకోకుండా ఎక్కకూడదు. ఒక సందులో ఒక రాత్రికి నాలుగైదు స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒకటి) అయితే గొప్ప. మిగిలిన బతికున్నవాటిని ఇనుప రింగుల్లోంచి పోనిచ్చి కట్టగడతారు. బ్యాంకాక్‌లో కొన్ని రోడ్ల మీద ఇప్పుడు కనిపించే సాఫీ నల్ల దూలాలు అలా వచ్చినవే. చూడ్డానికి బాగుంటాయి. లోపల చచ్చినవి ఎన్ని ఉన్నాయో పైకి కనపడదు.

కరెంటుని భూమిలోకి దించే పని బ్యాంకాక్‌లో 80ల్లోనే మొదలైంది. సీలోమ్, ఫయా థాయ్, ఫహోన్‌యోథిన్, సుఖుమ్‌విత్‌లలో కొంత కొంత. పగలు ట్రాఫిక్ కాబట్టి రాత్రిపూట. రోడ్డు మొత్తం తవ్వటం కుదరక గుంటనుంచి గుంటకి అడ్డంగా గొట్టాలు నెట్టుకుంటూ పోతారు. గొట్టాల్లో హెచ్‌టీ కేబులు, ట్రాన్స్‌ఫార్మరు స్తంభం మీదనుంచి పెట్టెలోకి దిగుతుంది. పైన ఉంటే తప్పు కంటికి కనపడుతుంది, భూమిలో ఉంటే మిషను పెట్టి వెతకాలి, తవ్వాలి, జాయింటు వెయ్యాలి. నీళ్ళూరే నేలలో ఆ జాయింటు వెయ్యటం ఎంత నరకమో చేసినవాళ్ళకే తెలుసు. అయినా పెద్ద రోడ్ల మీద అదే దారి.

కాకపోతే స్తంభం తియ్యాలంటే కరెంటు ఒక్కటే దిగితే చాలదు. పైన పింగాణీ తీసేస్తారు, రాకులు తీసేస్తారు, మీటర్లు గోడలకి మారతాయి. అప్పుడు స్తంభం మీద మిగిలేది వామి. ఒక్క కంపెనీ ఒక్క తీగ మిగిలినా స్తంభం నిలబడాల్సిందే. హెచ్‌టీ లేదు, ఎల్‌టీ లేదు, వానకి ‘చుర్ర్’మనేది ఏమీ లేదు. ఉడుత మాత్రం ఎప్పట్లాగే ఆ చివరకి వెళ్తుంది.